చెయ్యి మారిన చోటు

నీలవేణి పోయిన నాడు బాలకిష్టయ్య వనపర్తి బడిలో పిల్లలకు కూజాకు నీడ వేయడం నేర్పుతున్నాడు. వెలుగు ఎటు నుంచి పడుతుందో ముందు చూసుకోండి, ఆ తర్వాతే సుద్ద ముట్టండి అని చెప్పాడు. ఆ పూట అన్నం బాగానే తిన్నాడు. కబురు మరునాడు వచ్చింది. గత్తర అన్నారు, వాంతులూ విరేచనాలూ. గద్వాలలో, పుట్టింట్లో, పొద్దున మగ్గం దగ్గర కూర్చున్న మనిషి దీపాలు పెట్టే వేళకు లేదు. అతను రైలు దిగి ఇల్లు చేరేసరికి మట్టి చేసి వచ్చినవాళ్ళు తడి తలలతో అరుగు మీద కూర్చుని ఉన్నారు.

అత్త జమ్ములమ్మ అతనికి చెంబుతో నీళ్ళందించి, కూతురు ఆఖరున అన్న మాట చెప్పింది. "ఆయన రంగు డబ్బీలకు మూతలు పెట్టుకోడు, ఎండిపోతయి, జర చెప్పమ్మా అన్నది బిడ్డ. నా ఒళ్ళె తల పెట్టుకోని అన్నది."

ఆ ఒక్క మాటను ఊతగా పట్టుకునే అతను ఇన్నాళ్ళూ తిరుగుతున్నాడని ఈ కథ వెంట వస్తున్నవారికి తెలుసు. దొరల ముఖాలను మీసంతో, తలపాగాతో సహా దించుతాడని పేరున్న చెయ్యి ఆ తర్వాత ముఖం గీయలేకపోయింది. కన్ను గీయబోతే కుంచె పక్కకు జారిపోయేది. దాంతో రూపం జోలికి పోవడం మానేసి ఉట్టి రంగే వేయసాగాడు. వనపర్తిలో కాగితం మీద వేస్తే కాగితం ఉబ్బి చినిగింది. నాగర్‌కర్నూలులో చిన్నాయన ఇంటి వెనక గోడ మీద, సున్నం తడి ఆరకముందే, ఎర్ర జాజూ దీపం మసీ కలిపి పూశాడు. "ఇంట్ల ఏదో కీడు జరిగినట్టు కొడుతుంది నాయినా" అని చిన్నమ్మ మరునాడే దాని మీద వెల్ల వేయించింది. అతను నొచ్చుకోలేదు. గోడ మీద రంగు వచ్చి కూర్చుంటుంది, అంతే. అతనికి కావలసింది కూర్చునే రంగు కాదు. మరేమిటో అతనికీ తెలియదు.

అది తెలిసినట్టు అనిపించింది గద్వాల అత్తగారింట్లో, పోయిన వారం మనం ఆగిన చోట.

గద్వాల చీర ఒక్కరు నేసేది కాదు. నడుమ నూలు ఒళ్ళు, అటూ ఇటూ పట్టు అంచులు. పేక పోగు మోసే నాడెలు మూడు ఆడాలి. ఒకరు ఇటు కూర్చుని విసిరితే ఇంకొకరు అటు నుంచి అందుకోవాలి. అప్పుడే నూలూ పట్టూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ ఇంట్లో బామ్మర్ది తిమ్మప్పకు ఎదురుగా కూర్చునేది అతని అక్క నీలవేణి. ఆమె పోయాక ఎదురు నాడె పట్టే మనిషి లేక మగ్గం పడి ఉంది. ఆమె తన చేత్తో, పాత పడుగు కొసలకు కొత్త పడుగును పోగు పోగునా అతికిన నూలు, మగ్గం నుంచి అవతలి గోడ దగ్గరి గుంజ దాకా తెల్లగా సాగి, అట్లాగే ఉంది.

ఎదురు మనిషిని వెతకడానికి తల్లీ కొడుకులు మల్దకల్ చుట్టాల దగ్గరికి పోతూ, "మగ్గం జర చూసుకో అల్లుడా" అన్నారు.

అతను చూశాడు. చూస్తూనే ఉన్నాడు. అది గోడా కాదు, కాగితమూ కాదు. పోగుల సందుల్లోంచి గాలి పోతుంది, వెలుగు పోతుంది, అవతలి గోడ కనిపిస్తుంది. కరక్కాయ కషాయం పూసి ఆరబెట్టాడు. బెల్లం నీళ్ళలో తుప్పు మేకులు నానేసిన నీరు ఈతపుల్ల కుంచెతో అంటిస్తే, తాకిన చోటల్లా పోగు నల్లబడింది. దాని పక్కన నీలి. నీలికి అవతల చిరంజి వేరు ఎరుపు, పలచగా, ఉందో లేదో అన్నట్టు. చెట్టు లేదు, నెమలి లేదు, మనిషి లేడు. పక్క నుంచి నడిస్తే రంగులు ఒకదానిలోంచి ఒకటి జరిగిపోతున్నాయి. బాలకిష్టయ్య నేతపని ఇంట్లో పుట్టినవాడే గాని పలక పట్టిన నాటి నుంచి మగ్గం గుంటలో కాలు పెట్టినవాడు కాదు. పడి ఉన్న పడుగు పడే ఉంటుందనుకున్నాడు.

ఈ పొద్దు, ఎండ గడప దాటి లోపలికి వచ్చే వేళకు, తిమ్మప్ప వచ్చి గడపలో నిలబడ్డాడు.

*

భుజం మీది మూట దించలేదు. చెప్పులు విడవలేదు. అతని ముఖంలో కోపం కోసం బాలకిష్టయ్య వెతికాడు. కోపం ఇంకా రాలేదు. ఇల్లు తప్పి వచ్చానా అన్నట్టు చూస్తున్నాడు తిమ్మప్ప.

"బావా" అన్నాడు చివరికి. "ఇదేంది?"

"నువ్వు ముందు కూర్చో తిమ్మప్పా."

"కూర్చుంట గని, ఇదేంది?"

"రంగు వేసిన."

"రంగు వేసిండట!" తిమ్మప్ప గాలితో అన్నాడు. మూట జారి నేల మీద పడింది. "మగ్గం చూసుకొమ్మంటే గిట్ల చూస్తరా? కుక్క రాకుండ చూడు, ఎలుక కొరకకుండ చూడు. చూసుకొమ్మంటే గదే. నీ బళ్ళె ఇంకోటి చెప్తరా?"

బాలకిష్టయ్య ఆ మూట తీసి గోడ వారన పెట్టాడు.

పక్కింటి వెంకటయ్య గొంతు విని వచ్చాడు. నోట్లో వేపపుల్ల అట్లాగే ఉంది. లోపలికి తొంగి చూసి, పుల్ల తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"ఏం తిమ్మప్పా, మీ బావ మగ్గానికి హోలీ ఆడించిండా?"

"నువ్వు పో వెంకటయ్యా."

"పోత పోత. కొత్త నమూనానా అని అడుగుతున్న. పేరేం పెట్టిండ్రు? మామిడి పిందె అంచు విన్న, హంసల అంచు విన్న. ఇది బురదల బర్రె పొర్లినట్టుంది గద పంతులూ!"

"నిన్ను పొమ్మన్న!"

వెంకటయ్య నవ్వుకుంటూ పోయాడు. కాని పోతూ పోతూ ఇంకోసారి వెనక్కి తిరిగి ఆ రంగుల వంక చూడడం బాలకిష్టయ్య గమనించాడు. ఆ చూపులో నవ్వు లేదు. దాన్ని పట్టించుకునే తీరిక ఇప్పుడు లేదు.

తిమ్మప్ప పడుగు దగ్గరికి వచ్చి రెండు వేళ్ళతో పోగు పట్టి నలిపాడు. వేలికి రంగు అంటలేదు. ఉమ్మి తడి చేసి నలిపాడు. అంటలేదు.

"పట్టేసుకుంది" అన్నాడు. ఇప్పుడు గొంతు మారింది. "బావా, పెంటమ్మ ఒప్పుకున్నది. మా మేనత్త బిడ్డ. రేపటి నుంచి ఎదురు కూర్చుంటనన్నది. వచ్చేటప్పుడు సేటు దుకాణం ముందల ఆగి చెప్పిన. రేపే మొదలు పెడ్తం సేటూ, ఇగ ఆగదు అని నోరార చెప్పిన. మనిషిని పంపి పడుగు చూసుకుంటనన్నడు. ఇయ్యాలనే పంపుతడు."

బాలకిష్టయ్య మరోసారి పడుగు వంక చూశాడు. దాని మీద నేయాల్సిన పెండ్లి చీర నీలవేణి వాళ్ళది కాదు, సేటుది. నూలు సేటుది, పట్టు సేటుది. అది అతనికి తెలియని సంగతి కాదు. రంగు కలుపుతున్నప్పుడు గుర్తు రాలేదు.

"నూలు నేను తెచ్చిస్త" అన్నాడు.

"యాడికెళ్ళి తెస్తవ్?" తిమ్మప్ప నవ్వినంత పని చేశాడు. "యుద్ధమొచ్చినంక నూలు కంట్రోలైంది. పొద్దుగాల పోయి డిపో ముందు కూర్చుంటే మాపటికి ఉట్టి చేతులతోని వస్తున్నరు జనం. మానవపాడుల, ఆత్మకూరుల నేసేటోళ్ళు మగ్గం గుంటలు పూడ్చుకోని కూలికి పోతున్నరు. సేటు మన పేరు కొట్టేస్తే మనమూ గంతే. నువ్వు బళ్ళె జీతగానివి. నీకు తెల్వదు."

అతను గూట్లోంచి కత్తి తీశాడు. తెగిన పోగులు సరిచేసే పొట్టి కత్తి.

"ఏం చేస్తవ్?"

"అతుకు కాడ కోస్త. మొత్తం చుట్టజుట్టి నల్లరంగు బానల ముంచుత. నల్లదాని మీద నీ రంగేది కనపడదు. పెండ్లి చీర కాకుంటే మానె, ఏదో ఒక చీర నేసిస్త. సేటు కాళ్ళు పట్టుకుంట. నూలన్న దక్కుతది."

"అతుకు దగ్గర వద్దు."

"మరి యాడ కొయ్యాలె?"

"ఎక్కడా వద్దు తిమ్మప్పా. ఆ అతుకులు మీ అక్కవి."

తిమ్మప్ప చెయ్యి ఆగింది. అంతలోనే మళ్ళీ కదిలింది. "అక్క అతికింది నెయ్యనీకి. చూసుకుంట కూర్చోనీకి కాదు. రేపు నేసినా గా అతుకులు మొదలు ముందలికొచ్చి బట్ట చుట్టే దోనెకు చుట్టుకుంటయి. చీర దించినంక కోసి పారేసేటియే. నీకు తెల్వదు అన్నందుకు కోపమొస్తది గని, తెల్వదు."

ఇది బాలకిష్టయ్యకు నిజంగానే తెలియదు. కోసినా పోతాయి, నేసినా పోతాయి. ఏమీ చేయకుండా ఉంచితేనే ఉంటాయి. ఏమీ చేయకుండా ఉంచడం ఈ ఇంట్లో ఎవరి వల్లా కాదు.

*

కొడుకు వెనకే నడిచి వచ్చిన జమ్ములమ్మ అప్పటికి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ ఉంది. కొడుకు గొంతూ అల్లుడి గొంతూ ఆమెకు వినపడుతూనే ఉన్నాయి. తొందరపడలేదు. కొంగుతో పాదాలు ఒత్తుకుని లోపలికి వచ్చి, పడుగు చూసి, గోడకు చేరగిలబడి నిలబడింది.

"అమ్మా, చూసినవా నీ అల్లుని పని?"

"కండ్లున్నయి గద బిడ్డా."

చాలాసేపు చూసింది. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూసింది. చిన్నమ్మ గోడను చూసినట్టు చూడలేదు. వెంకటయ్య చూసినట్టూ చూడలేదు. నేసినవాళ్ళు నూలును చూసే తీరున చూసింది, ఏ పోగు వదులైందో, ఏ పోగు బిగిసిందో అని.

"అల్లుడా, ఇందుల ఏమున్నది?"

"ఏమీ లేదత్తా."

"ఏమీ లేకుంటే ఎందుకు వేసినవ్?"

"ఆమె ముఖం నాకు రావడం లేదు." ఆ మాట అతను ఇదివరకు ఎవరితోనూ అనలేదు. "గీద్దామని కూర్చుంటే రాదు. కండ్లు మూసుకున్నా రాదు. రంగు వేస్తుంటే మాత్రం ఇక్కడే ఎక్కడో ఉన్నట్టుంటది. అందుకు వేసిన."

తిమ్మప్ప నేల చూపులు చూశాడు. అయినా కత్తి గూట్లో పెట్టలేదు. "నాకు మాత్రం వస్తున్నదా బావా" అన్నాడు మెల్లగా. "గని సేటు మనిషి వస్తడు. అమ్మా, నువ్వు చెప్పు. కొయ్యనా?"

"కొయ్యి" అంది జమ్ములమ్మ. వెంటనే అంది. ఆలోచించకుండా అంది.

ఆ తొందర బాలకిష్టయ్యకు వింతగా తోచింది. చిరిగిన గుడ్డ పేలికను కూడా పారేయని మనిషి ఆమె. కూతురి చీర కొంగు కోసి దిండు గలీబుకు కుట్టుకున్న మనిషి.

తిమ్మప్ప గుప్పెడు పోగులు కలిపి పట్టి పైకెత్తాడు. గడపలోంచి వస్తున్న ఎండ ఆ పోగుల మీద పక్క నుంచి పడింది. బాలకిష్టయ్య ఆ క్షణాన గీతను చూశాడు.

అది అతను వేసింది కాదు. అతుకులు వేసేటప్పుడు ఆడవాళ్ళు వేళ్ళకు బూడిద అద్దుకుని పోగు కొసలను కలిపి మెలిపెడతారు. బూడిదా గంజీ కలిసి గట్టిపడ్డ ఆ చోట రంగు ఎక్కలేదు. నలుపులోనూ నీలిలోనూ చిన్న చిన్న తెల్లని చుక్కలు మిగిలి, వరస కట్టి, పడుగుకు అడ్డంగా ఆ అంచు నుంచి ఈ అంచు దాకా ఒక గీతయ్యాయి. నిన్న రంగు ఆరాక దాన్ని చూసి అతను చాలాసేపు కదలలేదు. తను వేయకుండా వచ్చింది అదొక్కటే. నీలవేణి వేసింది. తన రంగు కింద ఆమె గీత. ఆ ఒక్కదాని కోసమే ఇదంతా వేశానేమో అని కూడా అనుకున్నాడు.

ఇప్పుడు పక్క వెలుగులో ఆ గీత వేరేగా ఉంది.

"ఆగు" అన్నాడు.

"బావా, ఇగ—"

"కత్తి పక్కన పెట్టమనడం లేదు. ఎత్తిన చెయ్యి అట్లనే ఉంచు. వెలుగు పడనియ్యి."

అతను వంగి చూశాడు. ఎడమ అంచు నుంచి చుక్కలు సన్నగా, దగ్గర దగ్గరగా, సూదితో పొడిచినట్టు వస్తున్నాయి. నీలవేణి ఏ పనైనా అట్లాగే చేసేది. సగం దాటాక చుక్కలు లావయ్యాయి. ఎడం పెరిగింది. మెలిక అవతలి వైపుకు తిరిగింది. జ్వరం తగిలి చెయ్యి సడలితే గీత కొంచెం కొంచెంగా వంకర పోతుంది. ఇది అట్లా పోలేదు. ఒక పోగు దగ్గర ఆగి, దాని పక్క పోగు నుంచి వేరే మనిషిలా మొదలైంది.

"ఇక్కడ చెయ్యి మారింది" అన్నాడు. "ఇది నీలవేణిది కాదు. ఎవరు అతికిండ్రు ఇది?"

తిమ్మప్ప తల్లి వంక చూశాడు. "అక్కనే గద అతికింది? నేను డిపో కాడ ఉన్న ఆ పొద్దు. వచ్చేసరికి అయిపోయి ఉండె."

జమ్ములమ్మ గోడకు ఆనుకున్న చోటనే కిందికి జారి కూర్చుంది.

"నాది" అంది.

తిమ్మప్ప చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది, పోగులను మెల్లగా కిందికి దించాడు.

"సగం అతికినంక కడుపుల తిప్పుతున్నదమ్మా అన్నది. పెరట్లకు పోయొచ్చింది. మళ్ళ పోయొచ్చింది. రాత్రి సద్ది పడలేదనుకున్న. 'నువ్వు కూర్చో, నేను జర ఒరిగి వస్త' అన్నది. గంజి పెట్టిన పడుగు. విప్పి ఉన్నది. నడుమ ఇడిస్తే ఆరి, చిక్కు పడి, పోతది. ఈ నూలు కరువుల మళ్ళ యాడ తెస్తం? పోయి ఆమె ఇడిసిన పోగు పట్టుకున్న." ఆమె కళ్ళు పడుగు మీద లేవు, తన వేళ్ళ మీద ఉన్నాయి. "ఒక్కసారి పిలిచినట్టయింది. వస్తున్న బిడ్డా అన్న. ఈ కొస కాడికొచ్చిన, ఇగ కొన్ని పోగులే గద అనుకున్న. అయిపోయినంక పోయి లేపిన."

"లేపితే?" అన్నాడు తిమ్మప్ప.

"చూసింది. మాట లేదు."

బాలకిష్టయ్యకు ముందు ఆ మాట అర్థం కాలేదు. కాదు, అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండునని ఒక క్షణం ఆగాడు.

"అత్తా, మాట లేదంటే?"

ఆమె ఒక చేతి వేళ్ళను ఇంకో చేత్తో మూసుకుంది.

"మరి మూతల మాట? డబ్బీల మాట?"

"నేనే కట్టి చెప్పిన అల్లుడా" అంది జమ్ములమ్మ. "నువ్వు గట్ల అరుగు మెట్టు మీద నిలబడితివి. ఏమన్నది అని అడిగితివి. ఏమీ అనలే అని ఎట్ల చెప్పాలె? ఇక్కడికొచ్చినప్పుడల్ల ఆ మాటే అంటుండె. అన్నం తినుకుంట అంటుండె. నూలు తోడుకుంట అంటుండె. ఉంటే గదే అనునేమో అని అన్న."

బయట ఎవరిదో మగ్గం ఆడుతోంది. చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

బాలకిష్టయ్య కోపం వస్తుందేమోనని చూసుకున్నాడు. రాలేదు. ఏడుపూ రాలేదు. ఇన్నాళ్ళూ రోజూ మూతలు పెట్టుకున్నాడు. కుంచె కడిగి, డబ్బీ బిగించి, ఆమె మాట విన్నానని తృప్తిగా పడుకున్నాడు. ఆ మాట ఎవరిదో ఇప్పుడు చెప్పలేకపోతున్నాడు. కూతురిది కాదు. తల్లిదీ కాదు. సగం దాకా ఒకరు, సగం నుంచి ఒకరు.

"కొయ్యమన్నది అందుకేనా?" అన్నాడు నెమ్మదిగా.

"నా చెయ్యి పడిన చోటు నాకు కనపడుతున్నది" అంది ఆమె. "తెల్లగ ఉన్నన్ని రోజులు కనపడలే. నువ్వు రంగేస్తివి, కనపడ్డది. గడపల నుంచే కనపడ్డది. యాడ కూర్చుని అన్నం తినాలె ఇగ నేను ఈ ఇంట్ల?"

అతను పడుగు వంక తిరిగాడు. ఇంతసేపూ దాన్ని కాపాడాలని చూశాడు. ఇప్పుడు అది ముసలామెను కూర్చోనివ్వని వస్తువుగా కనిపించింది. రంగు తను వేశాడు. వేసిన దానిలో ఏమీ లేదని తనే అన్నాడు.

"తిమ్మప్పా, కొయ్యి" అన్నాడు. "బానలో నేనే ముంచుత."

తిమ్మప్ప కదల్లేదు. కత్తి చేతిలో ఉంది. చేతిని చూసుకున్నాడు, గీతను చూశాడు, తల్లిని చూశాడు.

"ఇంతసేపు కొయ్యొద్దంటివి."

"ఇప్పుడు కొయ్యమంటున్న."

"ఇప్పుడెట్ల కోస్త బావా?" అన్నాడు తిమ్మప్ప. "ఇటు అక్క. అటు అమ్మ. నడుమల కత్తి పెట్టమంటవా? చేతులు పడిపోతయి."

కత్తి కింద పెట్టి మగ్గం గుంట అంచున కూలబడ్డాడు. ముగ్గురూ మూడు చోట్ల కూర్చున్నారు. పడుగు వాళ్ళ నడుమ సాగి ఉంది. ఎండ జరిగి గీత మళ్ళీ రంగులో కలిసిపోయింది. ఎక్కడుందో ఇప్పుడు వెతికితే గాని దొరకదు. జమ్ములమ్మ మాత్రం వెతకకుండానే అటే చూస్తోంది.

"నేస్తే?" అన్నాడు తిమ్మప్ప, ఎవరినీ చూడకుండా. "ఉన్నదున్నట్టు నేస్తే? ఈ రంగుల మీద పేక పడితే ఏమైతదో నాకైతే తెల్వదు. మా నాయిన కూడ నెయ్యలే గిసొంటిది."

"సేటు ఒప్పుతడా?" అంది జమ్ములమ్మ.

వాకిట్లో కిర్రు చెప్పుల చప్పుడైంది. దగ్గు వినిపించింది. ఆ దగ్గు నేతగాళ్ళ వాడకంతా తెలుసు. సేటు గుమాస్తా కృష్ణయ్య.

"తిమ్మప్పా! మనిషి దొరికిందట గద, మంచి మాట చెప్పినవ్. సేటు ఒక్కసారి పడుగు కండ్లతో చూసి రమ్మన్నడు. లోపలున్నవా?"

తిమ్మప్ప లేవబోయి ఆగాడు. బాలకిష్టయ్య లేచి, ఏం చేయాలో తోచక, గడపకూ పడుగుకూ నడుమ నిలబడ్డాడు. అతని ఒక్క ఒళ్ళు దాన్ని కప్పగలిగేది కాదు. జమ్ములమ్మ కొంగు తల మీదికి లాక్కుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది.

"కాళ్ళు కడుక్కోని కూర్చో కృష్ణయ్యా, మజ్జిగ తెస్త" అంది.

అరుగు మీద అతను కూర్చున్న చప్పుడైంది. పడుగు సంగతి అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు.